తాలూకా కచేరి నుండి మండలమునకు



పల్లెలో నివసించు రైతునకు ప్రభుత్వమనగా రాజధానిలోని సచివాలయము కాదు. తన భూమి పహాణీలో ఎవరి పేరు వ్రాసియున్నదో చెప్పగల కచేరియే అతనికి ప్రభుత్వము. ఆ కచేరి ఎంత దూరమున ఉన్నది, అచట తన మాట వినువారున్నారా అనునవి చిన్న ప్రశ్నలు కావు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమలలో ఈ ప్రశ్నలు పలుమార్లు తలయెత్తినవి.

నిజాం రాజ్యమున ఈ ప్రాంతము ఎలగందల జిల్లాలో ఉండెడిది. అది 1905లో కరీంనగర్ జిల్లా అయినది. జగిత్యాల, సిరిసిల్ల, మెట్‌పల్లి తాలూకా కేంద్రములు. కోరుట్ల మెట్‌పల్లి తాలూకాలోనిది. తహశీలుదారు తాలూకా కేంద్రమున ఉండెడివాడు. ఊరి లెక్కలు మాత్రము వంశపారంపర్యముగా పటేలు పట్వారీల చేతిలో ఉండెడివి. తహశీలుదారు దూరము, పట్వారి దగ్గర. కనుక పట్వారి వ్రాసినదే శిలాశాసనమై చెల్లెడిది. వెట్టి, భూమి సమస్యలపై రైతుకూలీలు కదలగా, 1978 అక్టోబరులో ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించినది. ఆ అశాంతికి కారణములు పెక్కు. న్యాయము కొరకు పేదవాడు నడువవలసిన దారి పొడవు కూడ అందొకటి యని నా తలంపు.

1984లో పటేలు పట్వారీ వ్యవస్థ రద్దయినది. 1985లో తాలూకాలను తొలగించి రాష్ట్రమంతట సుమారు 1,100 మండలములను ఏర్పరచిరి. పూర్వము మండలమనగా విశాలమైన సీమ. నేడు కొన్ని గ్రామముల కూడిక. 1987లో మండల ప్రజా పరిషత్తులకు ఎన్నికలు జరిగినవి. ఉదయము బయలుదేరినవాడు పని ముగించుకొని పొద్దుగుంకక మునుపే ఇల్లు చేరగలిగెను.

2016 అక్టోబరు 11న, విజయదశమినాడు, జగిత్యాల జిల్లా కేంద్రమైనది. మొదటి ముసాయిదాలో సిరిసిల్ల పేరు లేదు. ప్రజలు పట్టుబట్టగా, వేములవాడ రాజన్న పేరుతో రాజన్న సిరిసిల్ల జిల్లా వెలసినది. కోరుట్ల తరువాత రెవెన్యూ డివిజను కేంద్రమైనది. ఒకనాడు కలెక్టరు కొరకు కరీంనగర్ పోవలసిన సిరిసిల్ల మరమగ్గముల కార్మికునికి ఇది చిన్న మేలు కాదు. కచేరికి పోయిన దినము అతనికి కూలి లేని దినమే కదా!

అయినను దూరము తగ్గినంతనే పని తీరదు. 2020లో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను అధికారమును మండల తహశీలుదారునకే ఇచ్చిరి. అదే సంవత్సరము గ్రామ రెవెన్యూ అధికారుల పదవిని తీసివేసిరి. దస్తావేజు మండలములోనే సిద్ధమగుచుండెను. కాని ఏ గట్టు ఎవరిదో ఎరిగిన ఉద్యోగి ఊరిలో లేకపోయెను. 2025లో భూభారతి చట్టము వచ్చిన పిమ్మట గ్రామ పాలనాధికారులను నియమించిరి. పట్వారి పెత్తనము పోవలెను. పొలము ఎరిగినవాడు మాత్రము ఊరిలో ఉండవలెను. ఈ రెండిటిని పొందుపరచుటయే మన ముందున్న చిక్కు.

సరిహద్దు గీతలు గీయుట ప్రభుత్వము పని. తన పహాణీ తాను చదువుకొనుట, తప్పున్నచో అర్జీ వ్రాయుట, గ్రామసభకు పోయి అడుగుట పౌరుని పని. కచేరి గడప దగ్గరకు వచ్చినది. దానిని ధైర్యముగా దాటుటకు పల్లెలోని ప్రతి ఇంట ఒక్కరైనను చదువరి కావలెను.