స్కాన్ కాగితం బిడ్డ జాతకం కాదు

(వాడలో జరిగిన తల్లుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా వాడలో ఒక కూలితల్లికి ఐదో నెలలో స్కానింగ్ తీశారు. ‘బిడ్డ తలలో నీరుంది’ అని ఒక్క మాట చెప్పి కాగితం చేతిలో పెట్టి పంపేశారు. ఇంటికొస్తే అత్త గ్రహణం పట్టిందన్నది, ఊరు పూర్వజన్మ పాపమన్నది. మన తాతలకు అంటరానితనం గురించి కూడా ఈ మాటే చెప్పారు. అప్పుడు నమ్మి మోసపోయాం. మళ్లీ నమ్మొద్దు.

మేము పంతుళ్లం, డాక్టర్లం కాదు. ఆ తల్లి వెంట పెద్దాసుపత్రికి పోయి, అడిగి తెలుసుకున్నాం. అదే చెప్తున్నాం.

మెదడులో నీటిగదులు అందరికీ ఉంటాయి. కడుపులో బిడ్డకు ఆ గది వెడల్పు 10 మిల్లీమీటర్ల లోపుంటే మామూలే. 10-15 మధ్య ఉండి, వేరే లోపమేదీ లేకపోతే ఎక్కువమంది పిల్లలు అందరిలాగే ఎదుగుతారు. 15 దాటితే ప్రమాదం ఎక్కువ. అందుకే డాక్టరును మూడు ప్రశ్నలు అడగండి: ఎన్ని మిల్లీమీటర్లు? వేరే లోపాలున్నాయా? మళ్లీ స్కాన్ ఎప్పుడు? లోపం తీవ్రమైనదని తేలితే గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది తల్లి తేల్చుకోవాలి, ఊరు కాదు. 2021 చట్ట సవరణ ప్రకారం 24 వారాలు దాటినా, లోపం తీవ్రమని మెడికల్ బోర్డు నిర్ధారిస్తే తీయించుకోవచ్చు.

స్కాన్ మెదడు ఆకారం చూపిస్తుంది. బిడ్డ నడకను, మాటను చూపించదు. అవి మనం చూసుకోవాలి. రెండు నెలలకు పలకరిస్తే నవ్వాలి. నాలుగు నెలలకు మెడ నిలపాలి. తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోవాలి. ఏడాదిన్నరకు నడవాలి. నెలనెలా టేపుతో తల కొలిపించండి. తల గబగబా పెరిగినా, మాడు ఉబ్బినా, నల్లగుడ్లు కిందికి వాలినా, వాంతులు ఆగకపోయినా ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. తలలోని నీటిని సన్నగొట్టంతో పొట్టలోకి మళ్లించే ఆపరేషన్ ఉంది. ఆలస్యమైతే ఒత్తిడికి మెదడు దెబ్బతింటుంది.

ఎదుగుదల వెనకబడితే బిడ్డను మూల పడుకోబెట్టొద్దు. మొదటి మూడేళ్లు మెదడు వేగంగా ఎదిగే కాలం. ఫిజియోథెరపీ చేయించాలి, బిడ్డతో ఆడాలి, మాట్లాడాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్యబృందం అంగన్‌వాడీకి రావాలి. అక్కడ నుంచి జిల్లా డీఈఐసీ కేంద్రానికి పంపాలి. బడియీడు పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి. 40 శాతం, ఆపైన వైకల్యముంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు 2016 వికలాంగుల చట్టమిచ్చిన హక్కు. ఎవరి దయా కాదు.

ఆ బిడ్డకిప్పుడు మూడేళ్లు. ఇరవైరెండో నెలలో నడిచింది. మాటలింకా తక్కువే. కానీ మేము పోతే ‘సారూ’ అని కొంగు చాటునుంచి పిలుస్తుంది. ఆస్పత్రికి పోయిన ప్రతిరోజూ తల్లి కూలి పోయింది. ఆ భారం ఆమె ఒక్కతే మొయ్యాలా? ఇక మీద ఏ తల్లి ఆ కాగితం పట్టుకొచ్చినా, సంఘం నుంచి ఒకరు వెంట పోదాం. ఈ సభలోనే పేర్లు ఇవ్వండి. మొదటి పేరు మాది రాసుకోండి.

జై భీమ్!