పట్టణములో పచ్చని కంచె

కంచె యనగానే మనకు పొలము జ్ఞప్తికి వచ్చును గాని పట్టణము జ్ఞప్తికి రాదు. పట్టణమున హద్దు చూపవలసినచో ఇనుపతీగ లాగుదుము, లేదా ఇటుకగోడ కట్టుదుము. నిజామాబాదు వంటి పట్టణములలోని తోటలకు, బడి ఆవరణలకు, కాలనీల ఖాళీస్థలములకు పల్లెపొలము నుండి పచ్చని కంచెను మరల తెచ్చుకొనవలెనని శ్రోతలకు మనవి చేయుటయే నేటి మా ఉద్దేశము. అయితే దానిని నాటుట కంటె నిలుపుకొనుట కష్టము. ఆ సంగతియు చెప్పదలచితిమి.

మన పల్లెలలో కంచెలు రెండు విధములు. ముండ్లకంప నరికి తెచ్చి పాతినది మొదటిది. దానిని వెలుగు అందురు. అది ఏటేట చెదలు పట్టును. ఏటేట మరల కట్టవలెను. వేరూని పెరుగునది రెండవది. వావిలి, తంగేడు, గోరింట, వాక, గచ్చ, సీమచింత మొదలైనవి దీనికి పనికివచ్చును. వావిలిని, తంగేడును పశువులు మేయవు. వాకకు, గచ్చకు ముండ్లు గలవు గనుక లోనికి చొరనీయవు. గోరింటను ఎంత కత్తిరించిన అంత గుబురగును. ఈ గుణములను రైతు ఏ గ్రంథములోను చదివి నేర్వలేదు. గట్టు మీద నిలిచి నేర్చెను.

మంజీర మీద నిజాంసాగరు 1931లో పూర్తియైన పిదప కాలువనీరు పారి బోధను ప్రాంతము చెరకుసీమ యైనది. శక్కర్‌నగరులో చక్కెర కర్మాగారము వెలసినది. అది 2015 డిసెంబరులో మూతపడినది. ఈ కాలములో ఇందూరు పట్టణమై, 2005లో నగరపాలకసంస్థయు నైనది. నీలకంఠేశ్వరాలయము పేరిట ప్రసిద్ధమైన కంఠేశ్వరు నేడు ఇండ్ల నడుమ నున్నది. చేను ఇంటిస్థలమైనప్పుడు మొదట పోవునది గట్టు. గట్టుతో కంచెయు పోవును.

పోయినచో నష్టమేమి అని అడుగవచ్చును. చెట్టు మనకు నీడ నిచ్చును; కాని బండ్ల పొగయు దుమ్మును తగులునది పిల్లవాని ముఖమెత్తున. ఆ యెత్తున ఆకు గలది చెట్టు కాదు, కంచె. దర్జీపిట్ట ఆకులు కుట్టి గూడు కట్టుకొనునది, పికిలిపిట్ట తలదాచుకొనునది ఇట్టి గుబురులలోనే. తంగేడాకు మీద సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టును. అంతియే గాక తంగేడుపూవు లేనిదే బతుకమ్మ లేదు. మన రాష్ట్రపుష్పమైన ఆ పూవును పండుగనాడు అంగడిలో కొనుక్కొనుట కంటె వీధిమొగను కోసికొనుట మేలు గదా!

ప్రభుత్వము ఈ విషయమున ఊరకుండలేదు. 2015 జూలైలో హరితహారము ప్రారంభమైనది. రాష్ట్రములో 230 కోట్ల మొక్కలు పెంచి పచ్చదనమును నూటికి 24 పాళ్ల నుండి 33 పాళ్లకు చేర్చవలెనని సంకల్పము. 2019 నాటి పురపాలక చట్టము బడ్జెటులో పదవవంతును పచ్చదనమునకు కేటాయించుటయే గాక, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెనని నియమము పెట్టినది. లెక్కింపవలసినది నాటిన మొక్కలను గాదు, బ్రతికిన వానిని అని చట్టమే చెప్పుచున్నదన్న మాట.

త్వరగా పచ్చబడవలెనను ఆతురతతో పలు పట్టణములలో కోనోకార్పసు అను విదేశపు మొక్కను దారుల నడుమ బారులుగా నాటిరి. సోమాలియా ప్రాంతపు మొక్క యగుటచే అది ఎండకు వాడదు. కాని దాని పుప్పొడి వలన ఆయాసము కలుగుచున్నదనియు, వేళ్లు నీటిగొట్టములను చెరచుచున్నవనియు ఫిర్యాదులు వచ్చినవి. దానిని నాటవద్దని 2022లో మన రాష్ట్రములోను చెప్పిరి. గుజరాతు 2023లో నిషేధించినది. వంటచెరకునకు, కంచెకు పనికివచ్చునని తెచ్చిన సర్కారుతుమ్మ బీళ్లను ఆక్రమించినది మనమెరిగినదే. కంచె చేను మేసినట్లు అను సామెత ఇచట అక్షరాల సత్యము.

చరిత్రలో ఇంకొక పాఠము కలదు. ఉప్పుపన్ను ఎగవేయకుండ ఆంగ్లప్రభుత్వము ఉత్తరభారతమున వందల మైళ్ల పొడవున రేగు, తుమ్మ, వాక, నాగజెముడులతో సజీవమైన కంచెను పెంచినది. తరువాత 1885లో కాంగ్రెసు స్థాపనకు పూనుకొనిన హ్యూము దొరయే దీనిని పెంచిన అధికారులలో ముఖ్యుడు. దానికి సుమారు 12,000 మంది కాపలా. 1879లో ఆ సరిహద్దును ఎత్తివేసిరి. 1990ల చివర రాయ్ మాక్సమ్ అను రచయిత వెదకగా ఏదో కొద్దిపాటి ఆనవాలు మాత్రమే చిక్కెను. జీతగాండ్రు పోగా దానిని తమదని తలచినవారు ఒక్కరును లేరు. ప్రజల మీదికి వేసిన కంచె ప్రజలు కాపాడునది ఎట్లగును?

కావున తిలక్ గార్డెను మొదలు కాలనీ పార్కు వరకు ఎచట కంచె వేసినను, వేయునది ఇరుగుపొరుగువారే కావలెను. పని కష్టమైనది కాదు. ఆరుద్రకార్తెలో అడుగు లోతున, రెండడుగుల వెడల్పున కందకము తీసి మాగిన పశువుల ఎరువు కలుపవలెను. అడుగు ఎడముగా రెండు వరుసలు, ఒక వరుస మొక్క రెండవ వరుస సందున కెదురుగా నుండునట్లు నాటవలెను. గోరింట, వావిలి కొమ్మ పాతినను నాటుకొనును. వాక, తంగేడు విత్తనము నుండి పెంచవలెను. చిగిర్చి ఎదిగిన పిదప మోకాలెత్తున తల తుంచవలెను. ఇందుకు మనసొప్పదు; కాని తుంచనిచో కంచె అడుగున బోసియై మేకపిల్ల దూరును. ఏటేట అడుగు వెడల్పుగను పైన సన్నముగను కత్తిరించినచో క్రింది ఆకునకు వెలుతురు అందును. ఇదివరకే బోసిపోయిన ముసలి కంచెను పెరికివేయ నక్కరలేదు. గూళ్లు లేనిచోటు చూచి, ఏటికి సగము చొప్పున జానెడెత్తున నరికినచో అది మొదటి నుండి మరల చిగిర్చును. సందులలో క్రొత్తకొమ్మలు పాతవచ్చును.

నాటునాడు అందరును వత్తురు. మూడవ వేసవిలో కడవ ఎత్తువారెవరు? ఇదియే అసలు ప్రశ్న. ఇంటికి ఐదు గజముల చొప్పున వంతు వేసికొని, బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు తమ వంతునకు పోయుట ఒక మార్గము. మేకల కాపరిని, ఆ దారిన పనికి పోవు కూలీలను ముందే పిలిచి, వారి నడక యెచటనో అడిగి అచట దారి విడువవలెను. దారి మూసిన కంచెను రాత్రికి రాత్రి నరుకుదురు. దారి విడిచిన కంచెకు వారే కాపలా.

గోడ కట్టిననాటి నుండి పాతబడుచు వచ్చును. కంచె నాటిననాటి నుండి చిక్కనగుచు వచ్చును, పోషించువారున్నచో. రానున్న తొలకరికి ప్రతి వీధియు పది గజములు మొదలిడిన చాలును; మూడేండ్లు దానిని విడువకున్న అదియే పదివేలు.