ప్రశ్నల వరుస, మనస్సు, క్వాంటం గణితము

పరిచితులైన ఇద్దరిని గూర్చి మన అభిప్రాయ మడిగినచో, ఎవరిని గూర్చి ముందడిగినను మన జవాబు మారదని తలంతుము. అభిప్రాయము పెట్టెలోని రూపాయివలె మనస్సులో సిద్ధముగా నున్నదని కదా మన నమ్మకము!

1997 సెప్టెంబరులో అమెరికాలో గాలప్ సంస్థవారు అడిగిన రెండు ప్రశ్నలు ఈ నమ్మకమును కదల్చినవి. అధ్యక్షుడు క్లింటన్ నమ్మదగినవాడా? ఉపాధ్యక్షుడు గోర్ నమ్మదగినవాడా? సగముమందిని క్లింటనును గూర్చి ముందుగాను, తక్కినవారిని గోరును గూర్చి ముందుగాను అడిగిరి. ముందడిగినపుడు క్లింటనుకు నూటికి 50 మంది, గోరుకు 68 మంది ఔననిరి. రెండవదిగా అడిగినపుడు క్లింటనుకు 57, గోరుకు 60. ఇద్దరి నడిమి యెడము 18 నుండి 3 కు దిగినది. ప్రశ్నలు అవే, వరుస మాత్రమే మారినది. పత్రికలో 50 అని పడుటకును, 57 అని పడుటకును ఎంత భేదము! కనుక ఇది వట్టి వినోదము కాదు.

సామాన్యమైన సంభావ్యతా గణితమున "ఇదియు అదియు" అన్నను, "అదియు ఇదియు" అన్నను ఫలిత మొక్కటే. అణుప్రపంచమున అట్లు కాదు. అచట కొలుచుటయే స్థితిని మార్చును. కావున ఏది ముందు కొలిచితిమో అను దానిపై ఫలిత మాధారపడును. బుసెమేయర్, వాంగ్ మొదలగు పరిశోధకులు ఈ గణితమును మానవుల తీర్పులకు అన్వయించిరి. మొదటి జవాబు మనస్సు నొక స్థితిలో నిలుపును. రెండవ జవాబు అచటినుండి బయలుదేరును.

ఇంతవరకు చమత్కారముగా చెప్పుట సులభమే. కాని ఈ సిద్ధాంతము ఒక ఖచ్చితమైన లెక్కయు చెప్పినది: రెంటికిని ఔననిన వారిని, రెంటికిని కాదనిన వారిని కలిపిన మొత్తము, వరుస మార్చినను మారరాదు. గాలప్ ప్రశ్నలకు అభిప్రాయము చెప్పినవారిలో ఆ మొత్తము రెండు వరుసలలోను నూటికి 78 కి దాపుననే యున్నది. 2014లో 70 జాతీయ సర్వేలను పరీక్షించి ప్రకటించిన వ్యాసమునను ఆ సూత్రము చాలవరకు నిలిచినది.

మెదడులో ఎలక్ట్రానులు నాట్యమాడుచున్నవని దీని అర్థము కాదు. అట్లు చెప్పువారిని నమ్మవలదు. ఎరువు తెచ్చుకొన్నది గణితమును మాత్రమే. అందును ఒక చిక్కున్నది. క్లింటన్, గోర్, మరల క్లింటన్ అని వరుసగా అడిగినచో, సరళమైన క్వాంటం లెక్క ననుసరించి మూడవ జవాబు మొదటిదానికి భిన్నము కావచ్చును. కాని రెండు నిమిషముల క్రిందట చెప్పిన మాటను మనిషి మరచునా? సాధారణముగా అదే మరల చెప్పును. 2014లోనే ఈ చిక్కును బయటపెట్టినవారిలో, ఖ్రెన్నికోవ్ ప్రభృతులతోపాటు బుసెమేయరును ఉన్నాడు. ఇది మెచ్చదగిన విషయము. 2020లో ఒజావా, ఖ్రెన్నికోవులు క్వాంటం కొలతను గూర్చిన మరింత విపులమైన గణితముతో ఈ రెంటిని పొసగించుటకు ఒక మార్గమును చూపిరి.