తలరాత కాదు, మానని గాయం



తెలంగాణ పల్లెల నుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు షోలాపూరులో మగ్గాలు నిలిపి, ఇక్కడి చాదర్లకు, తువ్వాళ్లకు దేశమంతటా పేరు తెచ్చాయి. మరమగ్గాల వద్ద తండ్రులు, బీడీల చేటల ముందు తల్లులు శ్రమించి బిడ్డలను చదివించారు. ఈ శ్రమజీవుల వాడల్లోనూ, అన్నిచోట్ల వలెనే, గడప దాటని దుఃఖం ఒకటి ఉన్నది. బాల్యంలో హింసకు, లైంగిక దౌర్జన్యానికి గురైన ఆడపిల్ల, పెద్దదయ్యాక మళ్లీ అటువంటి హింసకే గురికావడం తరచుగా కనిపిస్తుంది. ఇరుగుపొరుగు దానిని తలరాత అంటారు. అది తలరాత కాదు.

1985లో అమెరికా పరిశోధకులు డేవిడ్ ఫింకెల్‌హార్, ఏంజెలా బ్రౌన్ బాల్యంలోని లైంగిక దౌర్జన్యం మనసులో నాలుగు విధాల గాయం చేస్తుందని వివరించారు: నమ్మినవారి ద్రోహం, నిస్సహాయత, తానే చెడ్డదాన్నన్న సిగ్గు, వయసుకు తగని లైంగిక భావాలు నాటుకోవడం. అన్నం పెట్టిన చేయే హింసించినప్పుడు ప్రేమకు, పీడనకు భేదం చెరిగిపోతుంది. ఎదిరించినా ఫలితం లేదని నేర్చిన మనసు పెద్దయ్యాక కూడా మౌనాన్నే ఆశ్రయిస్తుంది. భయాన్ని మొద్దుబార్చుకొని బతికినందున ఆపద సూచనలు ఆలస్యంగా తెలుస్తాయి. సిగ్గు ఆమెను ఒంటరిని చేస్తుంది. దుర్మార్గులు ఆ ఒంటరితనాన్నే కనిపెడతారు. తప్పు మాత్రం ఆమెది కాదు, హింసించినవానిది.

13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలను విచారించి 2007లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన అధ్యయనం, దౌర్జన్యం చేసినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారేనని, పిల్లల్లో అత్యధికులు ఎవరికీ చెప్పుకోలేదని వెల్లడించింది.

పరువు పోతుందని విషయం దాచి, బాలికకు తొందరగా పెళ్లి చేయడం పరిష్కారం కాదు. మానని గాయంతోనే ఆమె మరో ఇంటికి వెళుతుంది. అక్కడ హింస ఎదురైతే చెప్పుకొనేందుకు పుట్టింటి తలుపు కూడా మూసుకొని ఉంటుంది.

పడుగులో పోగు తెగితే నేతగాడు మగ్గం ఆపి అతుకుతాడు. అతకకపోతే ఆ లోపం బట్ట పొడవునా సాగుతుంది. బిడ్డ విషయంలోనూ అంతే. చెప్పిన మాటను నమ్మే పెద్దమనిషి ఒక్కరున్నా గాయం మానే దారి ఏర్పడుతుంది. ఉత్సాహంగా ఉండే బాలిక హఠాత్తుగా మూగబోతే, బడి గంట కొట్టినా ఇంటికి వెళ్లడానికి జంకితే, తల్లి గాని, ఉపాధ్యాయిని గాని పక్కన కూర్చొని మెల్లగా అడగాలి. “నువ్వెందుకు వెళ్లావు?” అని మాత్రం అడగరాదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం విధి. 1098కి ఫోను చేసినా సహాయం అందుతుంది. వివాహిత స్త్రీకి 2005 నాటి గృహహింస నిరోధక చట్టం అండగా ఉన్నది.

బిడ్డ నోరు విప్పిన రోజున పెద్దలు చెవి ఒగ్గాలి. ఈ వజ్రోత్సవ వేళ ప్రతి ఇల్లూ, ప్రతి తరగతి గదీ తీసుకోవలసిన సంకల్పం ఇదే.