అల్వాల్ ఇళ్ల బేరాల్లో కదలిక

హైదరాబాద్‌లో లోతుకుంట దాటి అల్వాల్ వైపు వెళ్లేవారికి రాజీవ్ రహదారి ట్రాఫిక్ కొత్త కాదు. కంటోన్మెంట్ భూముల మధ్య రోడ్డు పెంచాలంటే రక్షణ శాఖ ఒప్పుకోవాలి; ఆ అనుమతి ఏళ్ల తరబడి రాలేదు. పడమటి గచ్చిబౌలి ఎదుగుతుంటే ఉత్తర దిక్కు వెనకబడడానికి ఇదో పెద్ద కారణం.

2024 మార్చిలో ముడి వీడింది. కేంద్రం భూములు ఇవ్వడానికి ఒప్పుకోగానే ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట అవుటర్ రింగ్ రోడ్డు దాకా 18 కిలోమీటర్ల కారిడార్‌కు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. అంచనా 2,232 కోట్ల రూపాయలు. 2025 జనవరి 1న జేబీఎస్–శామీర్‌పేట, ప్యారడైజ్–మేడ్చల్ మెట్రో మార్గాలకు సవివర ప్రాజెక్టు నివేదికలు (డీపీఆర్‌లు) సిద్ధం చేయాలన్నారు. మేడ్చల్‌కు ఎంఎంటీఎస్ లోకల్ రైలు అయితే 2023 ఏప్రిల్‌లోనే వచ్చేసింది.

మధ్యలో ఒక కుదుపూ ఉంది. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పడి కూల్చివేతలు మొదలయ్యాక, చెరువుల పక్క స్థలమంటేనే కొనేవాళ్లు జంకారు. చెరువులు నిండిన ఈ ప్రాంతంలో అది సహజమే. ఆ భయం కాగితాలు చూసే అలవాటు నేర్పితే మంచిదే.

శంకుస్థాపన చూసి ధర పెంచడం బ్రోకర్లకు పాత విద్య. ఇక్కడి మార్కెట్ నిజంగా కోలుకుంటోందా అంటే, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నెలనెలా నమోదయ్యే దస్తావేజులు, ఖాళీ ఫ్లాట్లలో చేరే కుటుంబాలు చెప్పాలి. స్టాంపు డ్యూటీ, ఇతర రుసుములు కలిపి ఏడున్నర శాతం కట్టి మరీ కొన్నవారిది ఉత్త మాట కాదు కదా!

అడ్వాన్సు ఇచ్చే ముందు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు, చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) హద్దు తప్పక చూసుకోండి.