పక్క దేశంతో పోలిక: తూకంరాయి ఎవరిది?

(మహిళా సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



"అభివృద్ధిలో ఇండియా ముందా, పాకిస్తాన్ ముందా" అన్న విషయం మీద మాట్లాడమన్నారు. ఈ ప్రశ్న మనకి కొత్తది కాదు. క్రికెట్ మ్యాచి రోజున ఇంట్లో వింటాం, ఎన్నికలప్పుడు మైకుల్లో వింటాం, సరిహద్దులో కాల్పులు జరిగితే ఎక్కడ చూసినా అదే. జవాబు కూడా ముందే తయారుగా ఉంటుంది. పోల్చి చూడటం తప్పని నేననను. అయితే ఏ రాయితో తూస్తున్నాం, ఎవరి లాభం కోసం తూస్తున్నాం అన్నది స్త్రీలుగా మనం అడిగి తీరాలి.

ముందు అందరూ చెప్పే లెక్కలే చూద్దాం. 1947లో రెండు దేశాలూ ఒకే వలస పాలన కింద నుంచి బయటికొచ్చాయి. పోలీసులు, కోర్టులు, రెవెన్యూ వ్యవస్థ, శిక్షాస్మృతి అన్నీ ఒకటే. 1960ల నుంచి 80ల దాకా తలసరి ఆదాయం పాకిస్తాన్‌లోనే ఎక్కువ. అయూబ్ ఖాన్ పాలనని పాశ్చాత్య ఆర్థికవేత్తలు పేద దేశాలకి నమూనాగా చూపించారు. అలాంటి రోజుల్లో, 1968లో, ఆ దేశ ప్రణాళికా సంఘంలో ముఖ్య ఆర్థికవేత్తగా ఉన్న మహబూబుల్ హక్ ఒక మాట చెప్పాడు: పరిశ్రమల ఆస్తుల్లో మూడింట రెండు వంతులు 22 కుటుంబాల చేతుల్లోనే ఉన్నాయని. ఆ తరువాత మూడేళ్ళకే దేశం రెండుగా చీలింది. తూర్పు బెంగాల్ ఆకలి, అవమానం ఆ అభివృద్ధి అంకెల్లో ఎక్కడా కనపడలేదు. ఈ శతాబ్దంలో ఇండియా తలసరి ఆదాయంలో పాకిస్తాన్‌ని దాటింది, ఆ తేడా ఇప్పుడు బాగా పెరిగింది. కానీ ఆనాటి పాకిస్తాన్ అనుభవం మనం మర్చిపోకూడదు. సగటు ఆదాయం పెరిగినంత మాత్రాన అందరి కంచంలోకీ అన్నం రాదు.

ఈ హక్, మన అమర్త్యసేన్ కేంబ్రిడ్జిలో కలిసి చదువుకున్న స్నేహితులు. 1990లో ఐక్యరాజ్యసమితి మొదటి మానవాభివృద్ధి నివేదిక హక్ చేతుల మీదుగానే వచ్చింది, సూచిక తయారు చెయ్యడంలో సేన్ పాలు పంచుకున్నాడు. డబ్బుతో పాటు ఆయుర్దాయాన్నీ చదువునీ లెక్కలోకి తెచ్చిన కొలబద్ద అది. ఒకరితో ఒకరు పోట్లాడుకునే రెండు దేశాల మనుషులు కలిసి ప్రపంచానికిచ్చిన కొలబద్ద. 2025లో వచ్చిన నివేదిక ప్రకారం 193 దేశాల్లో ఇండియా స్థానం 130, పాకిస్తాన్ స్థానం 168. మనం ముందున్నట్టే. అయితే మన పక్కనే, అదే 130వ స్థానంలో, బంగ్లాదేశ్ కూడా ఉంది. 1970లో తుఫానుకీ, 1971లో యుద్ధానికీ చితికిపోయిన దేశం అది. తలసరి ఆదాయం మనకంటే తక్కువగా ఉన్న రోజుల్లోనే పసిపిల్లల మరణాలు తగ్గించడంలో, ఆడపిల్లల్ని బడికి పంపడంలో మనల్ని దాటిపోయింది. ఊరూరా తిరిగిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు, ఇల్లు దాటి పనికి వెళ్ళిన బట్టల ఫ్యాక్టరీల ఆడవాళ్ళు ఆ మార్పుకి మూలం. మనం మాత్రం పశ్చిమ సరిహద్దు వైపే చూస్తూ ఉండిపోయాం.

ఇప్పుడు స్త్రీల లెక్కకి వద్దాం. 2023 జనగణన ప్రకారం పాకిస్తాన్‌లో అక్షరాలు వచ్చిన స్త్రీలు సుమారు 53 శాతం. మన దేశంలో 2011 నాటికే అది 65 శాతం దగ్గరికి వచ్చింది. కాన్పులు అక్కడ 2017-18 సర్వేలో సగటున 3.6, ఇక్కడ 2019-21లో 2. ఇవి చిన్న విషయాలు కావు, మన తల్లుల తరం కష్టపడి సాధించినవి. వాటిని తక్కువ చెయ్యనక్కర్లేదు.

మరి రెండో వైపు? అదే 2019-21 సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. పాకిస్తాన్ 2018 పోషకాహార సర్వేలో అది పదిమందిలో నలుగురికి. ఆదాయంలో ముందున్న దేశంలో ఆడవాళ్ళ ఒంట్లో రక్తం ఎందుకు లేదు? 2011 జనాభా లెక్కల్లో ఆరేళ్ళలోపు మగపిల్లలు వెయ్యిమంది ఉంటే ఆడపిల్లలు 920 మంది కూడా లేరు. కడుపులో ఉన్నది ఆడపిల్లని తెలిస్తే తీసేయించడాన్ని ఆపటానికి 1994లోనే చట్టం చేశాం. కొడుకు కావాలన్న పట్టు అక్కడా ఉంది. ఇక్కడ ఆ పట్టుకి స్కానింగు మిషను తోడైంది. మిషన్లు రావడాన్ని అభివృద్ధి అని రాసుకుంటే, పుట్టకుండా పోయిన పిల్లల్ని ఏ ఖాతాలో రాద్దాం?

ఈ సభలో ఆశా కార్యకర్తలున్నారు. వాళ్ళకి సంబంధించిన సంగతి ఒకటి చెప్తాను. 1994లో బేనజీర్ భుట్టో ప్రభుత్వం లేడీ హెల్త్ వర్కర్ల పథకం మొదలుపెట్టింది. ఇంటింటికీ తిరిగి గర్భిణుల్ని, పసిపిల్లల్ని చూసుకునే ఈ కార్యకర్తలు సుమారు లక్షమంది అయ్యారు. పోలియో చుక్కలు వెయ్యడానికి వెళ్ళి తుపాకి గుళ్ళకి బలైనవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. ఏళ్ళ తరబడి రోడ్లెక్కి, కోర్టుకెక్కి, 2012 తరువాత ఉద్యోగాలు పర్మినెంటు చేయించుకున్నారు. మన దేశంలో ఆశా పథకం 2005లో వచ్చింది. పదిలక్షల మందికి దగ్గరగా ఉన్న ఆశాలని ప్రభుత్వం ఈనాటికీ ఉద్యోగులనదు, సేవకురాళ్ళంటుంది, జీతం బదులు పారితోషికం అంటుంది. శిశుమరణాలు తగ్గాయని, ఆసుపత్రి కాన్పులు పెరిగాయని గొప్పగా చెప్పుకునే అంకెలు ఎవరి కాళ్ళ మీద నడిచొచ్చాయి? "పాకిస్తాన్ కంటే ముందున్నాం" అని చెప్పే నాయకులు ఈ ఒక్క విషయంలో పాకిస్తాన్ మాట ఎందుకెత్తరు?

చట్టాల సంగతీ అంతే. పాకిస్తాన్‌లో 1961 కుటుంబ చట్టం పెళ్ళిళ్ళ నమోదు తప్పనిసరి చేసింది, రెండో పెళ్ళికి అనుమతి తీసుకోవాలంది. తరువాత సైనిక పాలకుడు జియా ఉల్ హక్ 1979లో హుదూద్ ఆర్డినెన్సులు తెచ్చాడు. అత్యాచారం జరిగిందని చెప్పి రుజువు చెయ్యలేకపోయిన స్త్రీ మీదే వ్యభిచారం కేసు పెట్టే పరిస్థితి వచ్చింది. 1983లో చూపు లేని ఒక పేద బాలికకే కింది కోర్టు శిక్ష వేసింది. దేశమంతా అలజడి రేగాక పైకోర్టు కొట్టేసింది. ఆ ఏడాదే ఫిబ్రవరి 12న, స్త్రీ సాక్ష్యాన్ని సగానికి తగ్గించే ప్రతిపాదనకి వ్యతిరేకంగా లాహోర్ వీధుల్లోకి వచ్చిన మహిళల్ని పోలీసులు లాఠీలతో కొట్టారు. అదే 1983లో మన దేశంలో అత్యాచార చట్టం మారింది. మథుర కేసులో సుప్రీంకోర్టు పోలీసుల్ని వదిలేశాక, మన హైదరాబాద్‌లో 1978లో రమీజాబీకి జరిగిన ఘోరం తరువాత లేచిన ఉద్యమం ఫలితమది. సరిహద్దుకి అటూ ఇటూ ఒకే ఏడాది ఆడవాళ్ళు ఒకే మాట మీద నిలబడ్డారు: పోలీసు స్టేషన్లో, కోర్టులో మా మాటకి విలువ కావాలని. హుదూద్ చట్టాల కోరలు కొంత పీకడానికి అక్కడ 2006 దాకా పట్టింది.

ఈ రెండు రాజ్యాలూ ఎప్పుడూ దేనిమీదా ఏకాభిప్రాయానికి రాలేదంటారు. ఒక విషయంలో మొట్టమొదటే వచ్చాయి. విభజనలో సుమారు 75 వేలమంది స్త్రీలు అపహరణకి గురయ్యారని అంచనా. వాళ్ళని ఎవరి దేశానికి వాళ్ళని చేర్చాలని రెండు ప్రభుత్వాలూ 1947 డిసెంబరులో ఒప్పుకున్నాయి. 1949లో మన పార్లమెంటు చట్టమే చేసింది. ఎక్కడ ఉండాలో చెప్పే హక్కు ఆ స్త్రీకి ఆ చట్టంలో లేదు. కొందరు ఇంటికి చేరామని ఏడ్చారు, కొందరు కన్నబిడ్డల్ని వదిలి వెళ్ళలేక ఏడ్చారు. ఆమె మతమేదో చూశారు, ఆమె మనసేమిటో అడగలేదు. దేశం పరువుని ఆడదాని శరీరం మీద పెట్టడం అక్కడే మొదలైంది.

బాంబు విషయం చూడండి. గడ్డి తినైనా సరే బాంబు తయారుచేస్తామన్నాడు జుల్ఫికర్ అలీ భుట్టో 1965లో. 1998 మేలో ముందు మనం పోఖ్రాన్‌లో పేల్చాం, అదే నెలలో వాళ్ళు చాగైలో పేల్చారు. ఇటు మిఠాయిలు పంచుకున్నారు, అటు కూడా పంచుకున్నారు. గడ్డి తినే రోజే వస్తే ముందుగా తినేదెవరు? ఇంట్లో అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినేవాళ్ళే కదా. రక్తహీనత లెక్కకీ బాంబు లెక్కకీ సంబంధం లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఖజానా ఒకటే.

అయినా మన ముందు వేరే దారి కూడా ఉంది. కార్గిల్ యుద్ధం జరిగిన మరుసటి సంవత్సరం, 2000 మార్చిలో, నిర్మలా దేశ్‌పాండే నాయకత్వాన మన మహిళలు ఢిల్లీ నుంచి బస్సెక్కి లాహోర్ వెళ్ళారు. అక్కడ స్వాగతం చెప్పినవాళ్ళలో ఆస్మా జహంగీర్ ఉంది. 2018లో చనిపోయేదాకా ఆమెని సొంత దేశంలో ఇండియా ఏజెంటని తిట్టారు. ఇక్కడ హక్కులడిగే స్త్రీలని "పాకిస్తాన్ పో" అంటారు. ఈ ఒక్క పోలిక చాలు, రెండు దేశాలూ ఎంత దగ్గరి చుట్టాలో తెలియడానికి.

కాబట్టి మిత్రులారా, పోలికని వదిలెయ్యొద్దు, దాన్ని మన చేతిలోకి తీసుకుందాం. వాళ్ళకంటే నయమే కదా, ఇక నోరు మూసుకోండి అని చెప్పడానికి పోలికని వాడనివ్వొద్దు. వాళ్ళు గెలుచుకున్నది మాకెందుకు లేదని అడగడానికి వాడదాం. మన దగ్గర గెలుచుకున్నది వాళ్ళకి చెప్దాం. ఈసారి ఎవరైనా వేదికెక్కి మనం పాకిస్తాన్‌ని దాటామంటే, మూడు ప్రశ్నలు వెయ్యండి. మా మండలంలో గర్భిణుల రక్తపరీక్షల లెక్క ఎంత? ఆశా కార్యకర్తకి జీతం ఎప్పుడు? స్టేషనుకెళ్ళిన ఆడదాని ఫిర్యాదు ఆ రోజే రాసుకుంటున్నారా? జవాబు కాగితం మీద ఇవ్వమనండి. వచ్చే సభకి ఆ కాగితాలు పట్టుకురండి, అప్పుడు తూద్దాం.