రాత్రికి ఆగేవాళ్లెందరు?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నిర్వాహకులు నాకు ‘ప్రపంచ పర్యాటకం, మన తీరం’ అనే అంశం ఇచ్చారు. నేను ఇంజనీర్ని, లెక్కలతోనే మొదలుపెడతాను. సోషల్ సారు ఎదురుగానే కూర్చున్నారు, కాస్త భయంగానే ఉంది.

1950లో ప్రపంచమంతా కలిపి దేశం దాటి వెళ్లొచ్చిన పర్యాటకులు రెండున్నర కోట్లు. 2019 నాటికి 146 కోట్లయ్యారు. కరోనా ఏడాది 2020లో నలభై కోట్లకు పడిపోయి, 2024లో మళ్లీ 140 కోట్లకు చేరారు. ఆ ఒక్క ఏడు వాళ్లు పెట్టిన ఖర్చు దాదాపు 1.6 లక్షల కోట్ల డాలర్లు, అంటే తలకు వెయ్యి డాలర్ల పైచిలుకు.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం కనీసం ఒక్క రాత్రి ఉంటేనే పర్యాటకుడు. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాడిది వేరే పద్దు. మన మైపాడునే చూడండి. కార్తీక మాసంలో ఇసకేస్తే రాలనంత జనం. క్యారేజీల్లో పులిహోర తెచ్చుకుంటారు, సముద్రంలో మునుగుతారు, చీకటి పడేలోపు నెల్లూరు దారి పడతారు. పల్లెకు మిగిలేది మొక్కజొన్న పొత్తుల డబ్బులు, ఇసుకలో ప్లాస్టిక్ సంచులు. అదే ఒక రాత్రి ఆగితే గది అద్దె, రెండు పూటల చేపల పులుసు, పడవ బాడుగ, ఆటో కిరాయి, అన్నీ ఊళ్లోనే పడతాయి.

జనం పెరగడమే గొప్పనుకోవద్దు. 2024 జూలైలో బార్సిలోనా వాసులు పర్యాటకుల మీద నీళ్ల తుపాకులతో నీళ్లు చల్లి నిరసన తెలిపారు. అద్దెలు పెరిగి సొంత ఊళ్లో ఉండలేకపోతున్నామన్నది వాళ్ల బాధ. మనకింకా ఆ బెడద రాలేదు, జాగ్రత్తపడేందుకు సమయముంది.

మైపాడు కంటే నా ఆశ పులికాట్ మీద. సూళ్లూరుపేట 2022లో తిరుపతి జిల్లాకు పోయింది (మనసొప్పదు గానీ), సరస్సు మాత్రం మనదే అనుకుంటాను. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. శీతాకాలంలో ఫ్లెమింగోలు వేలల్లో దిగుతాయి. పక్కనే నేలపట్టులో గూడబాతులు కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. అవి సైబీరియా నుంచి వస్తాయని మనం పిల్లలకు చెబుతుంటాం. నిజానికి గూడబాతులు మన దేశపు పక్షులే. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని అక్కడి రైతు వాటిని తరమడు.

శ్రీహరికోటలో 2019లో రాకెట్ ప్రయోగాలు చూసేందుకు అయిదు వేలమంది పట్టే గ్యాలరీ తెరిచారు. మద్రాసు వంద కిలోమీటర్ల లోపే. ఇన్ని ఉన్నా, రాకెట్ లేచిన గంటకల్లా వచ్చినవాళ్లలో చాలామంది తిరుగుదారి పడతారు.

వీటన్నిటి కిందా నీళ్లున్నాయని మరవకూడదు. రాయదొరువు దగ్గర ముఖద్వారం పూడిపోతుంటే సముద్రపు నీరు లోపలికి రాదు. ఉత్తరాన సరస్సు ఎండుతుంది, చేప తగ్గుతుంది, జాలరి వలసపోతాడు. పక్షులూ అంతే. ఫ్లెమింగో పండుగకు వేసే స్టేజీ కంటే ముందు ఆ పూడిక తీతకు డబ్బు పెట్టాలన్నది నా అభిప్రాయం. ఒకసారి తీసి ఊరుకుంటే లాభం లేదు, అలలు ఇసుకను మళ్లీ తెచ్చిపోస్తాయి. ఏటా తీయాల్సిందే.

తీరాన రిసార్టులు కడదామని ఉత్సాహపడే మిత్రులకు ఒక మాట. అక్కడిది ఇసుక నేల, నీటిమట్టం పైనే ఉంటుంది. మరుగుదొడ్డి గుంట ఎలాపడితే అలా తవ్వితే ఆ నీరు పక్కింటి బావిలోకే చేరుతుంది. గది కట్టకముందే మురుగు సంగతి తేల్చుకోవాలి.

మన బ్యాచుల్లో సూళ్లూరుపేట, తడ వైపు పాత ఇళ్లు తాళాలేసి ఉంచినవాళ్లు కొందరున్నారు. రెండు గదులు, శుభ్రమైన మరుగుదొడ్డి, ఊరి ఆడవాళ్ల చేతి వంట ఉంటే చాలు, పక్షుల కోసం వచ్చేవాళ్లు ఆగుతారు. ప్లాను, అంచనా నేను ఉచితంగా వేసిస్తాను. భోజనాల దగ్గర కలవండి, టేపు కారులోనే ఉంది.